లైటు బిగించిన పిస్తోలుకు ఒర ఎంపిక – తెలుసుకోవలసిన విషయాలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. కత్తుల కాలం గడచిపోయినా ఆ మాట చేతి తుపాకుల విషయంలో నేటికీ అక్షరాలా వర్తిస్తుంది. పిస్తోలు గొట్టం కింద చిన్న విద్యుత్ దీపాన్ని బిగించిన మరుక్షణం ఆ పిస్తోలు ఆకారం మారిపోతుంది. నిన్నటి వరకు చక్కగా ఇమిడిన ఒర నేడు పనికిరాదు. ఈ సంగతి తెలియక, వదులుగా ఉండే ఏదో ఒక సంచిలో పిస్తోలును దోపుకొని తిరగడం వల్ల ప్రమాదాలు జరిగే అవకాశం ఉంది.

అత్తిమంజేరిపేట, పళ్ళిపట్టు, పొదటూరుపేట, తిరుత్తణి పరిసరాలలో మగ్గం శబ్దమే గాని తుపాకీ శబ్దం వినబడదు. అయినా ఈ విషయంతో సంబంధం ఉన్న కుటుంబాలు లేకపోలేదు. పోలీసు శాఖలోనో కేంద్ర బలగాలలోనో పనిచేసే కుమారుడు ఉన్న ఇల్లు, సైన్యం నుండి విశ్రాంతి పొంది లైసెన్సు తుపాకీ ఉంచుకొన్న పెద్దాయన ఇల్లు, విలువైన సరుకుతో ప్రయాణించే వర్తకుని ఇల్లు, అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఉన్న ఇల్లు – వీరందరికీ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. అటువంటి వారి సౌకర్యార్థం ఒర గురించిన ముఖ్య విషయాలు, చట్టం చెప్పే సంగతులు, ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు ఇక్కడ ఒకచోట చేర్చడమైనది.

ఒర అంటే ఏమిటి?

ఆంగ్లంలో హోల్‌స్టర్ అని పిలిచే వస్తువునే తెలుగులో ఒర అంటాము. తమిళంలో ఇదే మాట ‘ఉఱై’. రెండు భాషల మాటలూ ఒకే మూలం నుండి పుట్టినవి. కత్తి ఒరకు, తుపాకీ ఒరకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. కత్తి ఒర అంచును కప్పుతుంది. తుపాకీ ఒర అన్నింటికంటె ముందుగా ట్రిగ్గర్‌ను కప్పవలసి ఉంటుంది. తక్కినవన్నీ ఆ తరువాతివే.

మంచి ఒర నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, వేలు గాని, బట్ట గాని, తాడు గాని ట్రిగ్గర్‌ను తాకకుండా అడ్డుకొంటుంది. రెండు, పరుగెత్తినా, వంగినా, పడిపోయినా పిస్తోలు జారిపోకుండా పట్టి ఉంచుతుంది. మూడు, ఇతరులు లాక్కొనడానికి వీలు లేకుండా చేస్తుంది. నాలుగు, పిస్తోలును ప్రతిసారీ ఒకే చోట, ఒకే కోణంలో నిలిపి, అవసరమైనప్పుడు ధరించినవారి చేతికి పిడి తడుముకోకుండా అందేలా చేస్తుంది. ఈ నాలుగింటిలో మొదటిది లోపిస్తే మిగిలిన మూడూ ఉన్నా అది ఒర కాదు, సంచి మాత్రమే.

పిస్తోలుకు లైటు ఎందుకు?

చీకటిలో ఎదుట ఉన్నది ఎవరో తెలియకుండా తుపాకీ పేల్చడం కంటె ఘోరమైన తప్పు మరొకటి లేదు. వచ్చినవాడు దొంగా, దారి తప్పిన బాటసారా, ఆలస్యంగా ఇల్లు చేరిన సొంత బిడ్డా అన్నది చూసి తెలుసుకోవాలి. ఇందుకోసమే పోలీసు, రక్షణ దళాలు పిస్తోలుకు లైటు బిగించే పద్ధతిని అవలంబించాయి. ఆయుధాలపై ఉపకరణాలు బిగించే పట్టాలకు అమెరికా సైన్యం 1995లో ఒక ప్రమాణం నిర్ణయించింది. దానినే పికటిన్నీ పట్టా అంటారు. తరువాతి కాలంలో తయారైన పెక్కు పిస్తోళ్ళకు గొట్టం కింద ఇటువంటి పట్టా ఉంటుంది. మన దేశంలో కొన్ని దళాల వద్ద ఉన్న గ్లాక్ 17 పిస్తోలుకు మూడవ తరం నుండి ఈ పట్టా వచ్చింది.

లైట్లలో ఎక్కువగా వినబడే పేర్లు స్ట్రీమ్‌లైట్, సూర్‌ఫైర్. స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-1 హెచ్ఎల్, సూర్‌ఫైర్ ఎక్స్300 అల్ట్రా అనే పెద్ద నమూనాలు సుమారు 1000 ల్యూమెన్ల కాంతినిస్తాయి. వీటి బరువు 110 నుండి 120 గ్రాముల వరకు ఉంటుంది. టీఎల్ఆర్-7ఏ వంటి చిన్న నమూనా 500 ల్యూమెన్ల కాంతితో, సుమారు 70 గ్రాముల బరువుతో వస్తుంది. పెద్దవి పిస్తోలు మూతిని దాటి ముందుకు పొడుచుకొని వస్తాయి. చిన్నవి దాదాపు మూతితో సమానంగా ఆగుతాయి. ఒర ఎంపికలో ఈ భేదం చాలా ముఖ్యం.

మన దేశంలో సాధారణ పౌరునికి లభించే ఆయుధాలు వేరు. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ బోరు కిందికి వస్తుంది గనుక అది సాధారణంగా పౌరులకు లభించదు. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు, ఇషాపూరులో తయారయ్యే అశని అనే .32 పిస్తోలు, 2014లో వెలువడిన నిర్భీక్ రివాల్వరు వంటివే పౌరుల చేతిలో కనిపిస్తాయి. ప్రభుత్వ కర్మాగారాల .32 రివాల్వర్లకు లైటు బిగించే పట్టా లేదు. పట్టా లేని ఆయుధానికి జిగురుతోనో, టేపుతోనో, స్థానికంగా చేయించిన బిగింపుతోనో లైటు అతికించరాదు. అటువంటి లైటుకు సరిపోయే ఒర ఎక్కడా దొరకదు. దొరకని ఒర కోసం వెతకడం కంటె చేతిలో విడిగా టార్చిలైటు పట్టుకోవడమే క్షేమం.

లైటు వల్ల ఒరలో వచ్చే మార్పు

పిస్తోలులో ట్రిగ్గర్ చుట్టూ ఒక కమ్మీ, దాని వెనుక పిడి ఉంటాయి. లైటు లేని పిస్తోలు గొట్టం సన్నగా ఉంటుంది గనుక ఒర కూడా సన్నగా, ట్రిగ్గర్ కమ్మీకి అతుక్కొని ఉండగలదు. లైటు బిగించినప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. లైటు ట్రిగ్గర్ కమ్మీ కంటె వెడల్పుగా ఉంటుంది. అంత వెడల్పైన లైటు లోనికి దిగాలంటే ఒర ముఖద్వారం కూడా అంత వెడల్పు ఉండక తప్పదు. లైటు కిందికి దిగిపోయిన తరువాత పైన ట్రిగ్గర్ కమ్మీకి ఇరువైపులా ఖాళీ మిగులుతుంది.

ప్రమాదమంతా ఈ ఖాళీలోనే ఉంది. చొక్కా అంచు, కండువా కొస, జర్కిన్ తాడు వంటివి ఆ ఖాళీలోకి దూరి ట్రిగ్గర్‌కు చుట్టుకోగలవు. పిస్తోలును ఒరలోకి నెట్టేటప్పుడు ఆ బట్టే వేలు చేసే పని చేస్తుంది. మంచి తయారీదారులు ఈ ఖాళీని వీలైనంత తగ్గిస్తారు, మిగిలినదానిని పక్క గోడలు ఎత్తు చేసి మూస్తారు. చౌక ఒరలలో ఈ శ్రద్ధ కనబడదు.

రెండవ మార్పు పట్టుకు సంబంధించినది. లైటు లేని పిస్తోలు ఒర సాధారణంగా ట్రిగ్గర్ కమ్మీని నొక్కి పట్టుకొంటుంది. లైటు ఉన్న పిస్తోలు ఒరలలో చాలావరకు లైటునే పట్టుకొంటాయి. అందుచేత ఆ ఒరలో లైటు తీసివేసిన పిస్తోలు ఉంచితే పట్టు ఉండదు, జారి పడుతుంది. వేరొక కంపెనీ లైటు బిగిస్తే అసలు లోనికే దిగకపోవచ్చు, లేదా దిగి ఇరుక్కుపోవచ్చు. కాబట్టి ఒర కొనేటప్పుడు పిస్తోలు పేరు ఒక్కటి చెబితే చాలదు. పిస్తోలు పేరు, లైటు పేరు, లైటు నమూనా సంఖ్య మూడూ చెప్పవలసి ఉంటుంది. ఈ జత మారితే ఒర కూడా మారవలసిందే.

ఏ పదార్థంతో చేసినది మేలు?

తోలు: పూర్వం నుండి వస్తున్నది. శరీరానికి ఒత్తుకోదు, శబ్దం చేయదు. అయితే చెమటను పీల్చుకొంటుంది. తిరుత్తణి ప్రాంతపు ఎండలకు, ఉక్కపోతకు తోలు తడిసి మెత్తబడుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. మెత్తబడిన ఒర నోరు లోపలికి ముడుచుకొని ట్రిగ్గర్‌ను నొక్కే ప్రమాదం కూడా ఉంది. పాత తోలు ఒర ఎంత ముచ్చటగా ఉన్నా నోరు ముడుచుకుపోతే దానిని విడిచిపెట్టడం ఉత్తమం.

నైలాన్ గుడ్డ: చౌకగా దొరుకుతుంది. ‘అన్ని పిస్తోళ్ళకూ సరిపోతుంది’ అని అట్టపై రాసి ఉండేవి సాధారణంగా ఇవే. అన్నింటికీ సరిపోయేది దేనికీ సరిగా సరిపోదు. పైనుండి ఏదైనా గట్టిగా తగిలితే గుడ్డ గుండానే ట్రిగ్గర్ కదిలే వీలుంటుంది. లైటున్న పిస్తోలుకు ఇది ఏ మాత్రం తగదు.

కైడెక్స్: ఇది ఒక రకమైన గట్టి ప్లాస్టిక్ రేకు. 1965లో అమెరికాకు చెందిన రోమ్ అండ్ హాస్ కంపెనీ విమానాల లోపలి భాగాల కోసం దీనిని రూపొందించింది. రేకును వేడి చేసి, పిస్తోలు, లైటు ఆకారాలపై ఒత్తి ఒర తయారు చేస్తారు. చెమట పీల్చదు, నోరు ముడుచుకోదు. లైటున్న పిస్తోళ్ళకు ఎక్కువగా వాడేది ఇదే. అయితే వేడితో రూపుదిద్దుకొన్న వస్తువు గనుక మిట్టమధ్యాహ్నం కారు అద్దం కింద ఎండలో వదిలివేయరాదు. ఆకారం కొంచెం వంకరపోయినా పట్టు మారిపోతుంది.

అచ్చు పోసిన ప్లాస్టిక్: సఫారీల్యాండ్ వంటి కంపెనీలు పోలీసుల కోసం తయారు చేసే ఒరలు ఈ కోవకు చెందినవి. బరువు, ధర ఎక్కువే గాని యూనిఫాం ధరించి విధులు నిర్వహించేవారికి ఇవే అనువైనవి.

పట్టు స్థాయిలు

ఒర పిస్తోలును ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో తెలిపే కొలతను స్థాయి అంటారు. కేవలం ఒరుపుతోనో, ఒకే ఒక మీటతోనో నిలిపేది మొదటి స్థాయి. దానికి తోడు మరొక అడ్డు ఉంటే రెండవ స్థాయి, ఇంకొకటి ఉంటే మూడవ స్థాయి. ఈ స్థాయిల లెక్క అన్ని కంపెనీలకూ ఒకే విధంగా ఉండదు కాబట్టి అంకెను మాత్రమే చూడక, ఎన్ని మీటలు ఉన్నాయో, అవి ఎలా పనిచేస్తున్నాయో స్వయంగా చూడవలసి ఉంటుంది.

జనసమ్మర్దంలో తిరిగే అంగరక్షక కానిస్టేబుల్‌కు, తిరునాళ్ళ బందోబస్తులో నిలబడే పోలీసుకు రెండవ లేక మూడవ స్థాయి అవసరం. తిరుత్తణి ఆడికృత్తిక వంటి ఉత్సవంలో భుజం భుజం రాసుకొనే జనం మధ్య ఒరలోని పిస్తోలుపై మరొకరి చెయ్యి పడటం అసాధ్యం కాదు. మన పోలీసులు పిస్తోలు పిడికి తగిలించే లాన్యార్డు తాడు కూడా ఇటువంటి సందర్భాల కోసమే. అయితే ఆ తాడు వదులు ఒర నోటిలోకి జారకుండా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఒరపై ఉండే మీటను ట్రిగ్గర్ వేలి కొసతో నొక్కవలసిన అమరిక ఉంటే అది తగదు. ఆ వేలు అదే ఒత్తిడితో నేరుగా ట్రిగ్గర్ మీదికి జారే అవకాశం ఉంది. బొటనవేలితో తీసే మీట మేలు.

ధరించే చోటు

నడుము కుడిపక్క బెల్టుకు బయట ధరించడం అన్నింటికంటె సులభం, లైటున్న పిస్తోలుకు అనువైనది. ప్యాంటు లోపల ధరించే ఒరలు పిస్తోలును దాచగలవు గాని లైటు లావు వల్ల ఒత్తుకొంటాయి. పొట్ట ముందు భాగంలో ధరిస్తే పిస్తోలు మూతి తొడవైపు చూస్తుంది. అనుభవం లేనివారు దానిని మానుకోవడం మంచిది. భుజానికి వేలాడే ఒరలో మూతి వెనుకనున్న వారివైపు చూస్తుంది. మోటారు సైకిలు వెనుక కూర్చున్న భార్యాబిడ్డల సంగతి తలచుకొంటే ఇది ఎందుకు తగదో బోధపడుతుంది.

బెల్టు మాట మరువరాదు. లైటు, తూటాలు కలిసి పిస్తోలు బరువు బాగా పెరుగుతుంది. పలుచని బెల్టు వంగిపోయి ఒర బయటికి వాలుతుంది. గట్టి బెల్టు లేనప్పుడు ఎంత ఖరీదైన ఒర కూడా నిలకడగా ఉండదు. పంచె, లుంగీ కట్టుకొన్నప్పుడు నడుమున పిస్తోలు దోపడం పూర్తిగా వర్జనీయం.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

ఈ పరీక్షలన్నీ ఖాళీ పిస్తోలుతోనే చేయవలెను. ముందుగా మ్యాగజైన్ తీసివేసి, ఆ తరువాత స్లైడు వెనుకకు లాగి, గొట్టం గదిలో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవలెను. ఈ వరుస మారరాదు. తూటాలను మరొక గదిలో ఉంచవలెను. వీలైతే మరొకరిచేత కూడా చూపించుకోవలెను.

1. ఒర మీద గాని, పెట్టె మీద గాని తమ పిస్తోలు పేరు, లైటు నమూనా రెండూ ముద్రించి ఉన్నాయేమో చూడవలెను.

2. ఖాళీ పిస్తోలును ఒరలో ఉంచి, పైనుండి, ఇరుపక్కల నుండి పరిశీలించవలెను. ఒక పెన్సిలును ఖాళీలలో దూర్చి చూడవలెను. పెన్సిలు ట్రిగ్గర్‌ను తాకగలిగితే ఆ ఒర పనికిరాదు.

3. మంచం పరుపుపై ఒరను తలకిందులుగా పట్టుకొని కుదపవలెను. పిస్తోలు జారి పడరాదు.

4. పిస్తోలు ఒరలో ఉండగానే పిడి మొత్తం చేతికి అందవలెను. వేళ్ళను సర్దుకోవలసి వస్తే ఎంపిక తప్పినట్లే.

5. పిస్తోలు తీసిన తరువాత ఒర నోరు తెరుచుకొనే ఉండవలెను. తిరిగి పెట్టడానికి రెండవ చేతితో నోరు విప్పవలసి వస్తే ఆ చెయ్యి పిస్తోలు మూతి ముందుకు వస్తుంది.

6. ఒరలో పెట్టేటప్పుడు లైటు మీట నొక్కుకొని దీపం వెలుగుతున్నదేమో చూడవలెను. వెయ్యి ల్యూమెన్ల దీపం మూసిన ఒరలో వెలుగుతూ ఉంటే బ్యాటరీ అయిపోవడమే గాక విపరీతమైన వేడి పుడుతుంది.

7. ధరించి కూర్చొనడం, వంగడం, మెట్లెక్కడం, వాహనం ఎక్కడం చేసి చూడవలెను.

8. స్క్రూలు బిగువుగా ఉన్నాయేమో చూచి, ఆ పైన నెలకొకసారి తనిఖీ చేయవలెను. లైటు బిగింపు స్క్రూ కూడా ఇందులో చేరుతుంది.

తిరిగి ఒరలో పెట్టడానికి తొందర ఎన్నడూ అవసరం లేదు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి, చొక్కా అంచు పక్కకు తొలగించి, ఒర నోటిని కంటితో చూస్తూ, నెమ్మదిగా పెట్టవలెను. మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే నెట్టక, బయటికి తీసి చూడవలెను.

పిస్తోలు లైటు టార్చిలైటు కాదు

పిస్తోలుకు బిగించిన లైటు ఎటు చూస్తే పిస్తోలు మూతి కూడా అటే చూస్తుంది. కరెంటు పోయినప్పుడు, దొడ్లో అలికిడి అయినప్పుడు, పాము కనబడినప్పుడు దానిని తీసి వెదకడమంటే ఇంటిల్లిపాదిపై తుపాకీ గురిపెట్టడమే. అటువంటి పనులకు మామూలు టార్చిలైటు వేరుగా ఉండవలసిందే.

శిక్షణ పొందిన పోలీసులే పొరపడిన సందర్భం ఒకటి ఉంది. తెలుగువారు అనేకులు నివసించే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ప్లేనో నగరంలో 2010లో ఒక పోలీసు అధికారి తన పిస్తోలుకున్న లైటు వేయబోయి ట్రిగ్గర్ నొక్కినట్లు చెప్పాడు. ఎదుటి వ్యక్తి మరణించాడు. పిడి ముందు భాగంలో నొక్కే తరహా మీటలపై ఆ తరువాత అక్కడ విస్తృతంగా చర్చ జరిగింది. లైటు మీటను రెండవ చేతి బొటనవేలితో నొక్కడం, ట్రిగ్గర్ వేలిని లైటు పనికి ఎన్నడూ వాడకపోవడం ఈ ఘటన నేర్పే పాఠం.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఆయుధాలకు సంబంధించిన మూల చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద 2016లో కొత్త నియమావళి వచ్చింది. 2019లో చట్టానికి సవరణ జరిగింది. సవరణ ప్రకారం ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెరిగింది.

ఒర అలంకారం కాదు, చట్టబద్ధమైన అవసరం. 2016 నియమావళి ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీని శరీరానికి తగిలించిన ఒరలో గాని, భుజసంచి వంటి దానిలో గాని మాత్రమే తీసుకొని వెళ్ళాలి. ఆయుధం పూర్తిగా కప్పబడి ఉండాలి, అది ధరించినవారి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఝళిపించడం నిషిద్ధం. లైటు పొడవు వల్ల చొక్కా కింద నుండి బయటికి కనబడే ఒర ఈ నియమానికి విరుద్ధం కాగలదు. కాబట్టి పౌరులు లైటు బిగించే ముందే లైసెన్సు ఇచ్చిన అధికారి కార్యాలయంలో విచారించడం మేలు.

సరిహద్దు గ్రామాలవారు ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటి ఉంది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నాటి నుండి బంధుత్వాలు అటూ ఇటూ ఉన్నా చట్టానికి సరిహద్దు సరిహద్దే. ఆయుధ లైసెన్సుపై అది చెల్లే ప్రాంతం రాసి ఉంటుంది. తమిళనాడు వరకే చెల్లే లైసెన్సుతో నగరిలో పెళ్ళికి పిస్తోలు ధరించి వెళ్ళడం నేరం. ఒర ఎంత మంచిదైనా ఆ నేరాన్ని కప్పలేదు. చిత్తూరు జిల్లా లైసెన్సుతో పళ్ళిపట్టు వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది. పెళ్ళిళ్ళలో, ఊరేగింపులలో వేడుక కోసం ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా తుపాకీ పేల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎన్నికల సమయంలో అధికారులు ఆదేశించినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధ దుకాణంలో గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. 2024 లోక్‌సభ ఎన్నికలలో తమిళనాడులో ఏప్రిల్ 19న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది. ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. పోలింగ్ తేదీలు రాష్ట్రానికొక విధంగా ఉన్నా ఎన్నికల నియమావళి అంతవరకు అమలులో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

నాటు తుపాకీ విషయంలో ఒర ప్రసక్తే లేదు. లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉండటమే నేరం. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష రెండేళ్ళ జైలు.

ఇంట్లో జాగ్రత్తలు

ఒర ధరించినప్పటి రక్షణ మాత్రమే. ఒంటి మీది నుండి తీసి గోడకు తగిలించిన ఒర, తలగడ కింద పెట్టిన ఒర పసివాడి చేతికి అందే బొమ్మతో సమానం. లైటున్న పిస్తోలు పిల్లలను మరింతగా ఆకర్షిస్తుంది. మీట నొక్కితే దీపం వెలుగుతుందని ఒకసారి చూసిన పిల్లవాడు రెండవసారి తానే నొక్కి చూడాలనుకొంటాడు. అతని వేలికి ఏది దీపం మీటో, ఏది ట్రిగ్గరో తెలియదు.

ఇంటికి రాగానే పిస్తోలును ఖాళీ చేసి, ఇనుప బీరువాలో తాళం వేసి ఉంచాలి. తూటాలను వేరొకచోట తాళం వేయాలి. తాళంచెవి పిల్లలకు తెలిసిన చోట ఉండరాదు. లైటు బ్యాటరీ మార్చేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు పిస్తోలును ముందుగా ఖాళీ చేయడం తప్పనిసరి. కొన్ని లైట్లకు బ్యాటరీ మార్చాలంటే లైటును విప్పవలసి వస్తుంది. అప్పుడు చెయ్యి పిస్తోలు మూతికి చేరువలోనే ఉంటుంది. 2024లో అమెరికాలోని అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీని శుభ్రం చేస్తుండగా గుండు పేలి మరణించాడు.

లైసెన్సుదారు మరణించినప్పుడు ఆ తుపాకీ వారసత్వపు వస్తువుగా ఇంటి పెట్టెలో ఉండిపోరాదు. అనవసర జాప్యం లేకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించాలని చట్టం చెబుతున్నది. తరువాత అర్హులైన వారసులు తమ పేర లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. తాతగారి జ్ఞాపకంగా దాచుకోవాలనుకొంటే ఖాళీ ఒరను దాచుకోవచ్చు. దానికి లైసెన్సు అవసరం లేదు.

అమెరికాలోని పిల్లలకు

అమెరికాలో లైటున్న పిస్తోళ్ళు, వాటి ఒరలు సులభంగా దొరుకుతాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి 21 సంవత్సరాలు నిండిన అర్హులు ప్రత్యేక అనుమతి పత్రం లేకుండానే చేతి తుపాకీ ధరించవచ్చు. పైకి కనబడేలా ధరిస్తే అది ఒరలో ఉండి తీరాలి. అయితే ఈ స్వేచ్ఛ అక్కడ ఉన్న మనవారందరికీ వర్తించదు. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండటాన్ని అమెరికా కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుని పిస్తోలును సరదాగా నడుమున ధరించి ఫోటో దిగినా చిక్కులు రావచ్చు. ఫోనులో మాట్లాడేటప్పుడు పెద్దలు ఈ మాట ఒకసారి పిల్లల చెవిన వేయడం మంచిది.

గుర్తుంచుకోవలసినవి

పిస్తోలు, లైటు, ఒర – ఈ మూడూ ఒకే జతగా ఎంచుకోవాలి. జతలో ఒకటి మారితే ఒరను మళ్ళీ పరీక్షించాలి. ట్రిగ్గర్ కనబడే ఒర, పెన్సిలు దూరే ఒర, నోరు ముడుచుకొన్న ఒర ఎంత చౌకగా వచ్చినా వద్దు. లైసెన్సుపై రాసిన ప్రాంతం దాటరాదు. ఇంట్లో తాళమే అసలైన ఒర. ఇంటిలో ఒక్క తుపాకీ ఉన్నా దాని జాగ్రత్తలు లైసెన్సుదారుకే గాక ఆ ఇంటి పెద్దలందరికీ తెలిసి ఉండాలి.